తిరిగే తలుపు వెనక గాలి లెక్క

మే నెల మధ్యాహ్నం హైటెక్ సిటీలో ఏదైనా పెద్ద ఆఫీసు బిల్డింగ్ గుమ్మం దగ్గర ఓ ఐదు నిమిషాలు నిలబడి చూడండి. మధ్యలో అద్దాల రివాల్వింగ్ డోర్ ఉంటుంది. పక్కనే తోసుకుని వెళ్లే మామూలు తలుపు ఒకటి ఉంటుంది. 'దయచేసి రివాల్వింగ్ డోర్ వాడండి' అని బోర్డు కూడా ఉంటుంది. చాలామంది ఆ బోర్డు చదువుతూనే పక్క తలుపు తోసుకుని వెళ్లిపోతారు. చేతిలో ఫోను, భుజాన బ్యాగు, ఇంకో చేతిలో కాఫీ కప్పు. తిరిగే తలుపులో అడుగు ఎప్పుడు వెయ్యాలో చూసుకునే ఓపిక ఎవరికుంటుంది?

ఆ పక్క తలుపు తెరుచుకున్న ప్రతిసారీ బయట నిలబడ్డ క్యాబ్ డ్రైవర్ కాళ్లకి చల్లగాలి తగులుతుంది. గమనించండి, ముందుగా కాళ్లకే తగులుతుంది. బయటి వేడిగాలి లోపలికి దూసుకెళ్లడం కన్నా లోపలి చల్లగాలి బయటికి జారిపోవడమే ఎక్కువ. అదే జనవరిలో షికాగోలోనో, టొరంటోలోనో ఉన్న మన అన్నయ్యనో అక్కనో అడగండి. అక్కడ సరిగ్గా ఉల్టా. తలుపు తీస్తే గాలి బయటినుంచి లోపలికి ఈడ్చి కొడుతుంది. ఒక్కోసారి తలుపు తెరవడానికే బలం చాలదు.

రెండు చోట్లా పనిచేసే సూత్రం ఒకటే. దాన్ని తట్టుకోవడానికి మనిషి కనిపెట్టిన ఉపాయం కూడా ఒకటే. ఆ ఉపాయం ఎంతవరకు పనిచేస్తుందో కంప్యూటర్‌లో చూస్తే కొన్ని తమాషా సంగతులు బయటపడతాయి.

బిల్డింగ్ అంటే పెద్ద పొగగొట్టం

వేడిగాలి తేలిక, చల్లగాలి బరువు. ఇది ఆరో తరగతి పాఠమే. కానీ దీన్ని 25 అంతస్తుల బిల్డింగ్‌కి అన్వయించి చూస్తే కథ మారిపోతుంది.

షికాగోలో చలికాలం. బయట మైనస్ 15 డిగ్రీలు, లోపల హీటర్లు పెట్టి 22 డిగ్రీలు. లోపలి గాలి తేలిక కాబట్టి మెట్లదారి గుండా, లిఫ్ట్ షాఫ్టుల గుండా పైకి లేస్తుంది. పై అంతస్తుల్లో కిటికీల సందుల్లోంచి బయటికి పోతుంది. పోయిన గాలి స్థానంలోకి కింద గుమ్మం దగ్గర కొత్త గాలి రావాలి కదా? అదే తలుపు దగ్గర మనల్ని ఈడ్చి కొట్టేది. ఊళ్లో రైసు మిల్లు పొగగొట్టం కూడా ఇలాగే పనిచేస్తుంది. ఇంజినీర్లు దీన్ని స్టాక్ ఎఫెక్ట్ అంటారు.

దీనికి ఓ చిన్న ఫార్ములా ఉంది. బయటి ఉష్ణోగ్రతని, లోపలి ఉష్ణోగ్రతని కెల్విన్‌లోకి మార్చి, రెండింటినీ 1ని భాగించడానికి వాడి, తేడా తీసి, దాన్ని 3460తో, బిల్డింగ్ ఎత్తుతో గుణిస్తే పైనుంచి కింద వరకు మొత్తం ప్రెషర్ తేడా పాస్కల్స్‌లో వస్తుంది. అందులో సుమారు సగం కింద గుమ్మం మీద, మిగతా సగం పైకప్పు దగ్గర పడుతుంది.

200 మీటర్ల షికాగో బిల్డింగ్‌కి లెక్క వేస్తే గుమ్మం దగ్గర దాదాపు 168 పాస్కల్స్. చిన్న అంకెలాగే కనిపిస్తుంది. వాతావరణ పీడనం లక్షకు పైగా ఉంటుంది మరి. కానీ మామూలు తలుపు వైశాల్యం 1.9 చదరపు మీటర్లు. గుణించండి. ఆ తలుపు మీద 32 కిలోల బరువు ఆనినట్టు. హ్యాండిల్ కీలుకి దూరంగా ఉంటుంది కాబట్టి మన చేతికి అందులో సగం, 16 కిలోలు తెలుస్తుంది. 25 కిలోల బియ్యం బస్తాలో దాదాపు మూడింట రెండొంతులు! డెబ్భై ఏళ్ల పెద్దావిడ ఆ తలుపు ఎలా తెరుస్తుంది? నిజం బిల్డింగుల్లో మధ్యలో గోడలు, తలుపులు, లిఫ్ట్ లాబీలు ఉంటాయి కాబట్టి మొత్తం తేడా గుమ్మం ఒక్కదాని మీదే పడదు. అయినా సమస్య ఎంత పెద్దదో అర్థమవడానికి ఈ అంకె చాలు.

ఇక మన హైదరాబాద్. బయట 42, లోపల 24, ఎత్తు 100 మీటర్లు. గుమ్మం దగ్గర 33 పాస్కల్స్ వస్తుంది. అయితే దిశ తలకిందులు. లోపలి చల్లగాలి బరువెక్కి కిందికి దిగుతుంది, గుమ్మంలోంచి బయటికి తోసుకుపోతుంది. దాని బదులు వేడిగాలి పై అంతస్తుల సందుల్లోంచి లోపలికి వస్తుంది. అంటే గ్రౌండ్ ఫ్లోర్‌లో తలుపు తీసి పట్టుకున్నది ఒకరైతే, ఉక్కపోసేది ఇరవయ్యో అంతస్తులో కూర్చున్నవాళ్లకి అన్నమాట. 'ఏసీ పనిచెయ్యట్లేదు' అని టికెట్ పెట్టేవాళ్లలో ఎవరికీ కింద గుమ్మం మీద అనుమానం రాదు.

1888లో దొరికిన ఉపాయం

అమెరికాలోని ఫిలడెల్ఫియాకి చెందిన థియోఫిలస్ వాన్ కానెల్‌కి 1888 ఆగస్టు 7న ఒక పేటెంట్ వచ్చింది. నంబరు 387571. పేరు 'స్టార్మ్ డోర్ స్ట్రక్చర్', అంటే తుపాను తలుపు లాంటిది. మధ్యలో నిలువు ఇరుసు, దాని చుట్టూ మూడు రెక్కలు, వాటిని చుట్టి గుండ్రటి గూడు. తలుపు ఎంత తిరిగినా ఏదో ఒక రెక్క లోపలికీ బయటికీ మధ్య అడ్డంగా ఉంటుంది. తెరిచే ఉంటుంది, మూసే ఉంటుంది. దానికి ఏడేళ్ల ముందే, 1881లో, బెర్లిన్‌లో బోక్‌హాకర్ అనే ఆయన ఈదురుగాలి రాని తలుపు పేరుతో ఇలాంటిదే ఒకటి పేటెంట్ చేశాడు. కానీ దాన్ని వ్యాపారంగా మార్చి లోకానికి అలవాటు చేసిన పేరు వాన్ కానెల్‌కే దక్కింది. 1889లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఆయనకి జాన్ స్కాట్ పతకం ఇచ్చింది.

ఆ పేటెంట్‌లో ఆయన చెప్పుకున్న గొప్పల్లో ఒకటి నన్ను పట్టుకుంది. ఈ తలుపుని గాలి తోసి తెరవలేదని ఆయన వాదన. మంచు, వాన, దుమ్ము రావని చెప్పడం సరే. ఎంత గాలి తోసినా ఈ తలుపు కదలదని అంత ధీమాగా ఎలా అన్నాడు? ఇది సేల్స్‌మ్యాన్ మాటా, ఫిజిక్సా?

ఫిజిక్సే. కాగితం, పెన్సిల్ చాలు.

ఈ రోజుల్లో ఎక్కువగా కనిపించే నాలుగు రెక్కల తలుపుని తీసుకుందాం. రెక్కలు గూడుని నాలుగు గదులుగా విడదీస్తాయి. ఒకటి బయటికి తెరిచి ఉంది, ఒకటి లోపలికి, మిగతా రెండు కుడి ఎడమల్లో మూసి ఉన్నాయి. ప్రతి రెక్క మీదా దానికి అటూ ఇటూ ఉన్న గదుల ప్రెషర్ తేడా పనిచేసి తలుపుని ఓ వైపు తిప్పాలని చూస్తుంది. ఇప్పుడు గడియారం దిశలో ఒక్కో రెక్కా దాటుతూ లెక్క రాయండి. బయటినుంచి కుడి గదికి ఎంత తేడా, కుడి గది నుంచి లోపలికి ఎంత, లోపలినుంచి ఎడమ గదికి ఎంత, ఎడమ గది నుంచి మళ్లీ బయటికి ఎంత. నాలుగూ కూడితే ఎంత వస్తుంది? మొదలుపెట్టిన చోటికే వచ్చాం కాబట్టి సున్నా. అలిపిరి నుంచి కొండెక్కి మళ్లీ అలిపిరికే దిగితే మొత్తం ఎక్కిన ఎత్తు సున్నా అయినట్టు. ఈఈఈ, ఈసీఈ వాళ్లకి ఈపాటికి కిర్చాఫ్ వోల్టేజ్ లా గుర్తొచ్చి ఉంటుంది. అదే, ఏ తేడా లేదు.

ఇందులో అందం ఏంటంటే కుడి, ఎడమ గదుల్లో ప్రెషర్ ఎంతున్నా ఫలితం మారదు. 10 పాస్కల్స్ అయినా, 300 పాస్కల్స్ అయినా తిప్పే బలం సున్నాయే. మామూలు తలుపు గాలితో కుస్తీ పడుతుంది. తిరిగే తలుపు గాలిని దానితో దానికే కుస్తీ పెట్టించి పక్కన నిలబడుతుంది.

మరి గాలి రోజున కొన్ని తలుపులు వాటంతటవే తిరగడం మీరు చూసే ఉంటారు. అది ఈ లెక్కకి విరుద్ధం కాదు. ఒక్కో గదిలో ప్రెషర్ అంతటా ఒకేలా ఉంటుందని మనం అనుకున్నాం. ఈదురుగాలి ఏటవాలుగా వచ్చి ఒక రెక్క చివరని కొడితే ఆ అంచనా చెల్లదు. ఇంకోటి, తిప్పే బలం సున్నా అయినంత మాత్రాన తలుపు తేలిగ్గా తిరుగుతుందని కాదు. ప్రెషర్ రెక్కలన్నింటినీ కలిపి ఓ పక్కకి నొక్కుతుంది. ఇరుసు బేరింగుల మీద, అంచున ఉన్న బ్రష్షుల మీద రాపిడి పెరుగుతుంది. చలికాలంలో అక్కడ తిరిగే తలుపు కాస్త బరువెక్కినట్టు అనిపిస్తే కారణం ఇదే.

ఈ సున్నా మీద ఆధారపడి స్టేడియాలే నిలబడ్డాయి. 1988లో కట్టిన టోక్యో డోమ్ పైకప్పుకి స్తంభాలు లేవు. లోపలి గాలి ప్రెషర్ బయటకన్నా 0.3 శాతం ఎక్కువ పెట్టి కప్పుని పైకి ఎత్తి ఉంచుతారు. 0.3 శాతం అంటే సుమారు 300 పాస్కల్స్. మామూలు తలుపు మీద దాదాపు 58 కిలోల తోపు. అందుకే ప్రేక్షకులు తిరిగే తలుపుల్లోంచి వెళ్తారు. అమెరికాలో మినియాపోలిస్ మెట్రోడోమ్ కూడా అలాంటిదే, 1982లో మొదలైంది. ఆట అయ్యాక జనం తొందరగా వెళ్లాలని పక్క తలుపులు తెరిస్తే లోపలి గాలి వాళ్లని వీపు మీద తట్టి మరీ బయటికి పంపేదట. 2010 డిసెంబరులో మంచు బరువుకి ఆ కప్పు చిరిగి కూలిపోయింది, అది వేరే కథ.

ల్యాప్‌టాప్‌లో తలుపు

తిప్పే బలం సంగతి తేలింది. అసలు ప్రశ్న, గాలి ఎంత తప్పించుకుంటోంది?

మా ఆఫీసున్న బిల్డింగ్‌లో పోయిన వేసవిలో ఓ ప్రతిపాదన వచ్చింది. కరెంటు బిల్లు తగ్గాలంటే పక్క తలుపుకి తాళం వేసేసి, అందరినీ రివాల్వింగ్ డోర్‌లోంచే పంపాలని. దాని మంచిచెడ్డల దగ్గరికి తర్వాత వద్దాం. నిజంగా ఎంత మిగులుతుందో చూద్దామని ఓ ఆదివారం పైథాన్‌లో చిన్న సిమ్యులేషన్ రాశాను. నిజమైన పెద్ద సిమ్యులేషన్‌లో గాలిని లక్షల చిన్న చిన్న గడులుగా విడగొట్టి, తిరిగే భాగానికి విడిగా తిరిగే వలని పెట్టి, ప్రతి గడిలో వేగం, ప్రెషర్, ఉష్ణోగ్రత లెక్కిస్తారు. అది నా ల్యాప్‌టాప్ ఫ్యాన్‌కి పడదు. నాది అంతకన్నా చాలా సాదా మోడల్. వంద లైన్లు కూడా లేవు.

తలుపు వ్యాసం 2 మీటర్లు, ఎత్తు 2.2 మీటర్లు. నాలుగు గదులు, ఒక్కోటి సుమారు 1.7 ఘనపు మీటర్లు. ప్రతి గదీ బస్సులాంటిది. బయటి స్టాపులో వేడిగాలిని ఎక్కించుకుంటుంది, లోపలి స్టాపులో దింపి చల్లగాలిని ఎక్కించుకుంటుంది. అయితే స్టాపులో బస్సు ఎంతసేపు ఆగుతుందన్నదే కిటుకు. గాలి ఠక్కున మారదు. చల్లగాలి నేల మీదుగా బయటికి జారాలి, వేడిగాలి పైనుంచి లోపలికి దూరాలి. దానికి టైం పడుతుంది. 42, 24 డిగ్రీల తేడాకి లెక్క వేస్తే గదిలో గాలి చాలావరకు మారడానికి 5 సెకన్ల స్థాయిలో పడుతుంది. తలుపు నిమిషానికి 12 చుట్లు తిరిగితే గదికి స్టాపులో దొరికేది రెండున్నర సెకన్లే. బస్సు సగం కూడా నిండకుండానే కదిలిపోతుంది.

ఫలితాలు ఇలా వచ్చాయి. ఒక మనిషి దాటడానికి తలుపు అర చుట్టు తిరగాలి. నిమిషానికి 3 చుట్ల చొప్పున నెమ్మదిగా తిరిగితే ఆ అర చుట్టుకి 2.6 ఘనపు మీటర్ల గాలి మారుతుంది. 6 చుట్ల వేగంలో 1.6. 12 చుట్ల వేగంలో 0.84. 24 చుట్ల వేగంలో 0.43 మాత్రమే. వేగం పెంచితే ఒక్కో మనిషి వెంట పోయే గాలి తగ్గుతూ పోతోంది!

ఇప్పుడు అదే లెక్కని నిమిషానికి చూస్తే ఇంకా తమాషా. 3 చుట్ల దగ్గర నిమిషానికి 16 ఘనపు మీటర్లు, 6 దగ్గర 19, 12 దగ్గర 20, 24 దగ్గర 20.6. అంటే ఉదయం తొమ్మిదిన్నరకి జనం తోసుకుంటూ గిరగిరా తిప్పినా, సాయంత్రం నాలుగింటికి ఒకరిద్దరు నెమ్మదిగా తిప్పుతూ ఉన్నా నిమిషానికి పోయే గాలి దాదాపు ఒకటే. రద్దీ తలుపు నష్టాన్ని పెంచట్లేదు. నష్టం చేసేది ఎవరూ లేకపోయినా మెల్లగా తిరుగుతూనే ఉండే మోటారు తలుపు. మనిషి లేడు, చల్లగాలి మాత్రం టికెట్ లేకుండా ప్రయాణిస్తోంది. హోటళ్ల ముందు ఇలాంటివి కనిపిస్తాయి. మనిషి వచ్చినప్పుడే తిరిగేలా సెన్సర్ పెట్టడం అందుకే.

నిజం తలుపులో ఈ గీత ఇంత చక్కగా చదునవ్వదు. రెక్కలు గాలిని చిలుకుతాయి, మనిషి వెనక సుడి లేస్తుంది, అవి నా మోడల్‌లో లేవు. కాబట్టి దశాంశాల్ని నమ్మకండి, గీత వాలుని నమ్మండి.

20 ఘనపు మీటర్లంటే ఎంత ఖర్చు? ఒక ఘనపు మీటరు గాలిని 42 నుంచి 24కి దించాలంటే సుమారు 21 కిలోజౌళ్ల వేడి తీసెయ్యాలి. నిమిషానికి 20 అంటే 7 కిలోవాట్లు. ఇంట్లో వాడే ఒక టన్ను ఏసీ 3.5 కిలోవాట్ల వేడిని లాగుతుంది. అంటే తిరుగుతున్నంతసేపూ ఆ తలుపు ఖరీదు రెండు ఏసీలు. ఇది పొడిగాలి లెక్క. విశాఖలాంటి చోట గాలిలో తేమని నీళ్లుగా మార్చే పని కూడా ఏసీదే కాబట్టి ఇంకా పెరుగుతుంది.

సరే, పక్క తలుపు? ప్రెషర్ తేడా అస్సలు లేదనుకున్నా, ఉష్ణోగ్రత తేడా వల్లే తెరిచిన తలుపులోంచి సెకనుకి 0.4 ఘనపు మీటర్లు పోతుంది. ఐదు సెకన్లు తెరిచుంటే 2. ఇది తిరిగే తలుపు కన్నా రెండున్నర రెట్లే. పెద్ద ఘోరం కాదు. ఇప్పుడు కేవలం 10 పాస్కల్స్ ప్రెషర్ తేడా కలపండి. గాలి గంటకి 15 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. ఐదు సెకన్లలో 23 ఘనపు మీటర్లు! దాదాపు 28 రెట్లు. ఎవరో ఆ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి తెరిచి ఉంచితే అదే వేగంలో 28 టన్నుల ఏసీ వృథా. అంత గాలి పోవాలంటే పైనుంచి అంతా లోపలికి రావాలి, సందులు సన్నగా ఉంటే రాదు, కాబట్టి నిజంగా కాస్త తక్కువే ఉంటుంది.

ఈ రెండు అంకెల మధ్యలో ఒక అసలు కొలత ఉంది. 2006లో అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు తమ క్యాంపస్‌లో ఒక బిల్డింగ్ గుమ్మం దగ్గర లెక్కలు కట్టారు. మామూలు తలుపు తెరిస్తే తిరిగే తలుపు కన్నా 8 రెట్లు గాలి మారుతోందని తేల్చారు. ఇంకో అంకె కూడా ఇచ్చారు. ఆ గుమ్మంలో తిరిగే తలుపు వాడుతున్నవాళ్లు 23 శాతమే. ఎంఐటీలోనే అంతమంది అయితే మన దగ్గర బోర్డు పెట్టి ఏం లాభం అంటారా? అక్కడ బోర్డులు పెట్టాక వాడకం బాగానే పెరిగింది.

రాత్రిపూట ఎవరూ లేనప్పుడు

తిరిగే తలుపుకి ప్రెషర్ అంటే లెక్కే లేదని ఈపాటికి అనిపించి ఉండాలి. గదిలో ఎక్కి వెళ్లే గాలి మీద దాని ప్రభావం నిజంగానే లేదు. 10 పాస్కల్స్ అంటే వాతావరణ పీడనంలో 0.01 శాతం, గదిలో గాలి ఆ మేరకే కుదించుకుంటుంది. ప్రెషర్ తన పని వేరే దారిలో చూసుకుంటుంది. రెక్కల అంచున, కింద, పైన ఉండే బ్రష్షు, రబ్బరు సీళ్ల సందుల్లోంచి.

ఇది కొత్త సంగతేం కాదు. 1961లోనే అమెరికన్ ఇంజినీర్లు నిజం తలుపు మీద కొలిచి, తిరగడం వల్ల పోయే గాలి వేరు, సందుల్లోంచి కారే గాలి వేరు అని విడదీసి చూపించారు. 2003లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో జరిగిన బిల్డింగ్ సిమ్యులేషన్ సదస్సులో అదే విషయాన్ని కంప్యూటర్ మీద చేసి చూపిన పేపర్ వచ్చింది. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఉష్ణోగ్రత గదుల్లో ప్రయాణం చేస్తుంది, ప్రెషర్ సందుల్లో దూరుతుంది.

సందులన్నీ కలిపి 200 చదరపు సెంటీమీటర్లు అనుకోండి, అంటే రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత కన్నా కాస్త ఎక్కువ. 10 పాస్కల్స్ దగ్గర నిమిషానికి 3 ఘనపు మీటర్లు కారుతుంది. తిరిగేటప్పుడు పోయే 20 ముందు ఇదెంత అనిపిస్తుంది. కానీ తలుపు తిరిగేది రోజులో కొన్ని గంటలే. సందు మాత్రం 24 గంటలూ డ్యూటీలో ఉంటుంది. రాత్రి పన్నెండు గంటల్లో 2,100 ఘనపు మీటర్లకి పైనే. పగలు గంటా నలభై ఐదు నిమిషాలు ఆపకుండా తిప్పినంత నష్టం అది. తలుపు కొన్నప్పుడు కంపెనీ ఇచ్చిన బ్రోచర్‌లో కనిపించేది కొత్త బ్రష్షు. నాలుగేళ్లు వేల చెప్పుల దుమ్ము తిన్నాక ఆ బ్రష్షు ఎలా ఉంటుందో ఈసారి వెళ్లినప్పుడు కిందికి వంగి చూడండి. మా బిల్డింగ్‌లో అయితే ఓ మూల వేలు పట్టేంత సందు ఉంది. తలుపుకి తాళం వెయ్యడం గురించి మాట్లాడారు గానీ, బ్రష్షు మార్చడం గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆ తాళం వెయ్యకూడదు

ఎందుకు వెయ్యకూడదో చెప్పడానికి సిమ్యులేషన్ అక్కర్లేదు. 1942 నవంబరు 28 రాత్రి బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్ క్లబ్‌లో మంటలు లేచాయి. ప్రధాన ద్వారం ఒక్క రివాల్వింగ్ డోర్. జనం రెండు వైపుల నుంచీ రెక్కల్ని తోశారు. తిప్పే బలం సున్నా అని ఇందాక గాలి విషయంలో సంతోషించాం కదా. మనుషుల తోపుకీ అదే లెక్క. అటు తోపు, ఇటు తోపు సమానమైతే తలుపు కదలదు. వేరే తలుపులు కొన్నింటికి తాళాలు ఉన్నాయి. 492 మంది చనిపోయారు. ఆ తర్వాతే అమెరికాలో నిబంధనలు మారాయి. తిరిగే తలుపు పక్కన బయటికి తెరుచుకునే మామూలు తలుపు ఉండాలి, గట్టిగా తోస్తే రెక్కలు పుస్తకంలా మడుచుకుని దారి ఇవ్వాలి.

అంటే పక్క తలుపు ఉన్నది కాఫీ కప్పు పట్టుకున్నవాళ్ల కోసం కాదు. వీల్ చైర్‌లో వచ్చేవాళ్ల కోసం, చంటిబిడ్డ తోపుడు బండి కోసం, ముఖ్యంగా అలాంటి రాత్రి కోసం. ఏసీ బిల్లు కోసం దాన్ని మూసెయ్యడం ఎంత లాభం చూపించినా చెయ్యకూడని పని. తెరిచి పడి ఉండకుండా మంచి డోర్ క్లోజర్ పెట్టడం, లేదా ఆ తలుపుకి ముందో చిన్న గది కట్టి రెండో తలుపు పెట్టడం, ఇవి సరైన దారులు.

గాలిని గెలవాలన్న తాపత్రయం ఇంకో రకంగా కూడా ప్రాణం తీసింది. టోక్యోలో రొప్పోంగి హిల్స్ టవర్ గుమ్మంలో పెద్ద మోటారు తలుపు ఉండేది. 2004 మార్చి 26న ఆరేళ్ల బాబు పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్లబోయి రెక్కకీ ఫ్రేముకీ మధ్య తల చిక్కుకుని చనిపోయాడు. విచారణలో బయటపడ్డ సంగతులు ఇంజినీర్లెవరూ మర్చిపోకూడనివి. యూరప్ నుంచి వచ్చిన అసలు డిజైన్ అల్యూమినియంతో తేలిగ్గా ఉండేది. ఎత్తైన బిల్డింగ్ దగ్గర గాలి తాకిడిని తట్టుకోవాలని, చూడ్డానికి దర్జాగా ఉండాలని స్టీలు వాడుతూ పోయారు. చివరికి తిరిగే భాగం 2.7 టన్నులకి చేరింది. ఓ పెద్ద కారు కన్నా ఎక్కువ. అంత బరువు సెన్సర్ చెప్పిన వెంటనే ఆగదు, కొంత దూరం జరిగాకే ఆగుతుంది. దానికి తోడు ఊరికే ఆగిపోతోందని సెన్సర్ పరిధి మార్చడంతో సుమారు 120 సెంటీమీటర్ల లోపు ఎత్తున్నవాళ్లు దానికి కనపడకుండా పోయారు.

కోడ్ రాసేవాడిగా నాకు ఇందులో వణుకు పుట్టించేది ఆ సెన్సర్ మార్పే. తప్పుడు అలర్టులు ఎక్కువైతే హద్దు పెంచేసి నోరు మూయించడం మేం వారానికోసారి చేసే పని. అక్కడ ఆ హద్దు ఒక పిల్లాడి ఎత్తు.

మీ ఫోన్‌తో మీరే కొలవండి

ఇంతసేపు చదివారు కాబట్టి మీ బిల్డింగ్‌లో గాలి ఎటు తోస్తోందో కనుక్కునే పద్ధతి చెప్తాను. అగరుబత్తి వెలిగించి సందు దగ్గర పెడితే పొగ వంగిన దిశే జవాబు. కానీ ఆఫీసు గుమ్మంలో అగరుబత్తి వెలిగిస్తే సెక్యూరిటీ వాళ్లు ఊరుకోరు. సన్నగా చింపిన టిష్యూ పేపర్ ముక్క చాలు.

అంకె కావాలంటే ఫోన్ తియ్యండి. ఐఫోన్ 6 నుంచి ఐఫోన్లలో, ఆండ్రాయిడ్‌లో కాస్త ఖరీదైన చాలా ఫోన్లలో బారోమీటర్ సెన్సర్ ఉంటుంది. ఏదైనా బారోమీటర్ యాప్ వేసుకుంటే హెక్టోపాస్కల్స్‌లో రీడింగ్ చూపిస్తుంది. ఒక హెక్టోపాస్కల్ అంటే 100 పాస్కల్స్. ముందు లిఫ్ట్‌లో ఒక అంతస్తు ఎక్కి చూడండి, సుమారు 0.35 తగ్గితే సెన్సర్ సరిగ్గా ఉన్నట్టు. తర్వాత గుమ్మానికి బయట ఒక నిమిషం, లోపల ఒక నిమిషం నిలబడి సగటు రాసుకోండి. ఫోన్ మాత్రం రెండు చోట్లా కచ్చితంగా ఒకే ఎత్తులో ఉండాలి. నడుము దగ్గర నుంచి చెవి దగ్గరికి ఎత్తితేనే 5, 6 పాస్కల్స్ మారిపోతుంది, మనం వెతుకుతున్న తేడా కూడా అంతే మరి. ఎండాకాలం మధ్యాహ్నం ఒకసారి, ఏసీలు ఆపేసిన ఆదివారం తెల్లవారుజామున ఒకసారి కొలవండి. లోపలి అంకె బయటకన్నా 0.1 ఎక్కువ చూపిస్తే, పక్క తలుపు దగ్గర పైన చెప్పిన 10 పాస్కల్స్ మీ బిల్డింగ్‌లో ఉన్నట్టే.